బటన్ ఎవరి దగ్గరుంది?

మావయ్య మాకు పోకర్ నేర్పిన సెలవుల గురించి రాయమని అక్క ఎప్పటినుంచో పోరుతోంది. నువ్వే రాయొచ్చు కదా అంటే, "నేను రాస్తే నేను గెలిచినవే గుర్తొస్తాయి, నువ్వే రాయి" అంది. నిజం చెప్పాలంటే ఎవరు గెలిచారో ఎవరు ఓడారో నాకు పెద్దగా గుర్తు లేదు. మాటలు గుర్తున్నాయి. కిక్కర్ అంటే తమ్ముడు, చెక్ అంటే అత్తయ్య, టిల్ట్ అంటే బావ. ఈ రోజుకీ ఎక్కడైనా ఆ మాట వింటే ముందు ఆ మనిషి కళ్ళ ముందుకొచ్చి, అర్థం ఆ తర్వాత వస్తుంది.

మావయ్య సరుకుల ఓడల్లో పనిచేసేవాడు. డ్యూటీ లేని గంటల్లో అక్కడే పోకర్ నేర్చుకున్నాడు. ఒకసారి సెలవు మీద వస్తూ ఒక డబ్బా తెచ్చాడు. అందులో రెండు పేక కట్టలు, తెలుపు, ఎరుపు, నీలం రంగుల ప్లాస్టిక్ చిప్స్, అంటే పందెం కాసే బిళ్ళలు. అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బులు మాత్రం మధ్యలోకి రాకూడదు" అని ఒక్క షరతు పెట్టి, తనూ ఆటకి కూర్చుంది. ఆ షరతుతో మాకు వచ్చిన నష్టమేమీ లేదు. మొదట్లో అందరికీ సమానంగా చిప్స్ పంచడం, ఆట అయ్యాక అన్నీ డబ్బాలో పెట్టేయడం.

బావ నోట్‌బుక్, పెన్ను పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. "ముందు మాటలన్నీ చెప్పెయ్ నాన్నా, రాసుకుంటాం" అన్నాడు. మావయ్య ఒప్పుకోలేదు. "రాసుకుంటే పరీక్ష రాయగలవు, ఆట ఆడలేవు. ఏది జరిగితే అప్పుడు దాని పేరు చెప్తా" అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే కొత్తవాళ్ళకి పోకర్ చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించలేదు. అరవై మాటల పట్టిక చేతిలో పెడితే ఎవరికైనా ముందు నిద్రొస్తుంది.

ఆయన నేర్పింది టెక్సస్ హోల్డెమ్. మనిషికి రెండు ముక్కలు, ఇవి హోల్ కార్డ్స్, మనకి తప్ప ఎవరికీ కనిపించవు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు. మొత్తం ఏడింట్లో ఏ ఐదు బాగుంటే అవే మన హ్యాండ్. అప్పటిదాకా మాకు తెలిసిన ఆటల్లో ఎవరి ముక్కలు వాళ్ళ చేతిలోనే ఉండేవి. ఉమ్మడి ముక్కలనేసరికి తమ్ముడికి పెద్ద సందేహం వచ్చింది. చేతిలోని రెండూ తప్పకుండా వాడాలా? అక్కర్లేదు. రెండూ వాడొచ్చు, ఒకటి వాడొచ్చు, అసలేమీ వాడకుండా బల్ల మీది ఐదింటితోనే సరిపెట్టుకోవచ్చు. ఈ చివరిదాన్ని బోర్డ్ ఆడటం అంటారు. తప్పకుండా రెండు వాడాలనే నియమం ఒమాహా అనే ఇంకో రకం పోకర్‌లో ఉంటుంది. అందులో చేతికి నాలుగు ముక్కలిస్తారు.

ఉమ్మడి ముక్కలు ఒకేసారి రావు. ముందు మూడు కలిపి తెరిస్తే ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ప్రతిసారీ తెరిచే ముందు మావయ్య కట్టలో పైముక్కని చూడకుండా పక్కన పెట్టేసేవాడు. అది బర్న్ కార్డ్. ఎందుకలా అంటే, బెట్టింగ్ జరుగుతున్నంతసేపూ పైముక్క వీపు అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. దాని మీద మరకో గీతో ఉండి ఎవరైనా గుర్తుపడితే? అందుకని దాన్ని ఆటలోంచి తీసేస్తారు. మా కట్టలో ఇస్పేటు రాణి మూల విరిగి ఉండేది కాబట్టి ఈ సంగతి మాకు వెంటనే ఎక్కింది.

బెట్టింగ్ మాటలు ఐదే. ముందు ఎవరూ పందెం కాయకపోతే చెక్ అని ఊరుకోవచ్చు, లేదా బెట్ వేయొచ్చు. ఎవరైనా బెట్ వేశాక చెక్ కుదరదు. అంతే వేసి కొనసాగితే కాల్, పెంచితే రెయిజ్, ముక్కలు వదిలేస్తే ఫోల్డ్. వదిలేసిన ముక్కల కుప్ప మక్. అందులోకి వెళ్ళిన ముక్క మళ్ళీ వెనక్కి రాదు.

చెక్ చెప్పడానికి నోరు తెరవక్కర్లేదు, బల్ల మీద వేలితో తడితే చాలు. ఇక్కడే అత్తయ్యతో పేచీ వచ్చింది. ఆలోచిస్తూ బల్ల మీద వేళ్ళతో టకటకలాడించడం ఆవిడకి అలవాటు. తట్టడమేమిటి, "అత్తయ్య చెక్" అని మావయ్య పక్కవాళ్ళని ఆడమనేవాడు. "నేనింకా ఆలోచిస్తున్నానండీ" అని ఆవిడ గొడవ. రెండు మూడు రోజులు ఇలాగే సాగింది. తర్వాత ఒక సాయంత్రం ఆవిడ మామూలుగానే బల్ల తట్టింది, బావ ధీమాగా బెట్ వేశాడు, ఆవిడ నింపాదిగా దానికి మూడు రెట్లు ముందుకి తోసింది. చేతిలో రెండు తొమ్మిదులు, ఫ్లాప్‌లో ఇంకో తొమ్మిది. మావయ్య ఎంత నవ్వాడో! "దీన్ని చెక్-రెయిజ్ అంటారు. ఓడలో దీనికి మొహాలు మాడ్చుకునేవాళ్ళు, మీ అత్తయ్య కాబట్టి సరిపోయింది" అన్నాడు. బలమైన ముక్కలు పెట్టుకుని బలహీనంగా ఉన్నట్టు నటించడం స్లో ప్లే అని కూడా అప్పుడే చెప్పాడు. చేతిలో జత ఉండి మూడోది బల్ల మీద వస్తే అది సెట్. చేతిలో ఒకటే ఉండి బల్ల మీద రెండు వస్తే ట్రిప్స్. పట్టికలో రెండూ ఒకటే, మూడు ఒకే రకం ముక్కలు. కానీ సెట్ ఎదుటివాళ్ళ కంటికి ఆనదు, ట్రిప్స్‌లోని జత అందరి ముందూ బల్ల మీదే ఉంటుంది. చేతిలో జత ఉన్నప్పుడు ఫ్లాప్‌లో సెట్ పడే అవకాశం సుమారు 12 శాతం.

కిక్కర్ మాట తమ్ముడి ఖాతాలోది. వాడి చేతిలో ఆసు, నాలుగు. అక్క చేతిలో ఆసు, రాణి. బల్ల మీద ఆసు, పది, ఏడు, ఆరు, రెండు, రంగులన్నీ కలగాపులగం. ఇద్దరికీ ఆసుల జతే. వాడు సమానమని పాట్, అంటే మధ్యలో పోగైన పందెం, సగం చేయబోయాడు. మావయ్య చెయ్యి అడ్డుపెట్టాడు. హ్యాండ్ అంటే ఐదు ముక్కలు కదా, జతకి తోడు ఇంకో మూడు కావాలి. అక్కకి రాణి, పది, ఏడు. వాడికి పది, ఏడు, ఆరు. వాడి నాలుగుకి అసలు చోటే దొరకలేదు. తోడుముక్కతో తేలే ఈ వ్యవహారమే కిక్కర్. ఆ తర్వాత చాలాకాలం వాడు ఆసు చూడగానే ఎగరకుండా, పక్కన ఏముందో చూసి మరీ ఎగిరేవాడు.

అదే పేచీలో ఇంకోటి తేలింది. "నాది ఇస్పేటు ఆసు, అక్కది కళావరు, కాబట్టి నాదే పెద్దది" అన్నాడు వాడు. హోల్డెమ్‌లో హ్యాండ్లు పోల్చేటప్పుడు రంగులకి ఎక్కువ తక్కువలు లేవు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు నాలుగూ సమానమే. ఐదు ముక్కలూ అంకెల్లో సరిపోతే పాట్ చెరిసగం. ఇతర ఆటల అలవాటుతో వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడ తడబడటం తర్వాత కూడా చూశాను.

ఏ హ్యాండ్ దేన్ని కొడుతుందనేది మాత్రం మావయ్య కాగితం మీద రాసిచ్చాడు. కింద నుంచి పైకి: హై కార్డ్ (ఏమీ కలవకపోతే ఉన్నవాటిలో పెద్ద ముక్క), ఒక జత, రెండు జతలు, మూడు ఒకేలాంటివి, స్ట్రెయిట్ (వరసగా ఐదు), ఫ్లష్ (ఐదూ ఒకే రంగు), ఫుల్ హౌస్ (మూడు ఒకేలాంటివి, ఒక జత), నాలుగు ఒకేలాంటివి, స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే రంగులో వరస). అన్నిటికీ పైన, ఒకే రంగులో పది నుంచి ఆసు దాకా వరస వస్తే రాయల్ ఫ్లష్. వరసగా రావడం కష్టమా, ఒకే రంగు రావడం కష్టమా అని అక్కకి అనుమానం. స్ట్రెయిట్ కన్నా ఫ్లష్ ఎందుకు గొప్ప? మావయ్య, "లెక్క కట్టుకో, కాంబినేషన్లు చదువుకుంటున్నావుగా" అన్నాడు. అక్క నిజంగానే కూర్చుని కట్టింది. 52 ముక్కల్లోంచి ఐదు తీసే పద్ధతులు 25,98,960. అందులో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108. ఫుల్ హౌస్‌లు 3,744, నాలుగు ఒకేలాంటివి 624, రాయల్ ఫ్లష్‌లు రంగుకొకటి చొప్పున నాలుగంటే నాలుగే. ఎంత అరుదైతే అంత పైన, పట్టిక మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. ఆ లెక్కల కాగితం చూశాక ఎవరికీ పట్టిక బట్టీ పట్టాల్సిన పని పడలేదు. స్ట్రెయిట్‌లో ఆసు అటు రాజు పైనా ఉండొచ్చు, ఇటు రెండు కిందా ఉండొచ్చు. ఆసు నుంచి ఐదు వరకూ ఉన్న వరసని వీల్ అంటారు. రాణి, రాజు, ఆసు, రెండు, మూడు అని చుట్టూ తిప్పి కలపడం మాత్రం కుదరదు.

ఇంతవరకూ ఎవరైనా గంటలో నేర్చుకుంటారు. నన్నడిగితే అసలు పోకర్ సీసా మూతతో మొదలవుతుంది.

డబ్బాలో డీలర్ బటన్ లేదు. దాని బదులు మావయ్య ఒక సీసా మూత పెట్టాడు. పంచేది ఎవరైనా సరే, ఆ హ్యాండ్‌కి, అంటే ఆ పంపకానికి, డీలర్ ఎవరో చెప్పేది ఆ మూతే. హ్యాండ్ అయ్యాక అది ఎడమవైపు మనిషికి జరుగుతుంది. మూత ఉన్న మనిషికి ఎడమపక్కనున్నవాళ్ళు స్మాల్ బ్లైండ్, ఆ పక్కవాళ్ళు బిగ్ బ్లైండ్. ముక్కలు చూడకముందే వేయాల్సిన తప్పనిసరి పందేలివి. మామూలుగా స్మాల్ అంటే బిగ్‌లో సగం. మొదట్లో ఇది అన్యాయమనిపించింది నాకు. ముక్కలే చూడకుండా ఎందుకు వెయ్యాలి? మావయ్య ఒకరోజు బ్లైండ్లు తీసేసి ఆడించాడు. అరగంటలో ఆట చచ్చిపోయింది. ప్రతివాళ్ళూ మంచి ముక్కల కోసం ముడుచుకుని కూర్చున్నారు. రెండు ఆసులు చేతికి రావాలంటే సగటున 221 సార్లకి ఒకసారి. అంతకాలం కూర్చున్నా పోయేదేమీ లేకపోతే ఎవరు ఆడతారు? మర్నాడు బ్లైండ్లు మళ్ళీ వచ్చాయి, ఎవరూ సణగలేదు.

బిగ్ బ్లైండ్ తర్వాత కూర్చున్న చోటు పేరు అండర్ ది గన్. ఫ్లాప్‌కి ముందు మొదట మాట్లాడాల్సింది ఆ మనిషే. మేం ఆరుగురం. అంటే అక్కడ కూర్చుంటే వెనకాల ఇంకా ఐదుగురు ఏంచేస్తారో తెలియకుండా తేల్చుకోవాలి. బటన్‌కి ముందు చోటు కటాఫ్. బటన్ వంతు వచ్చేసరికి మిగిలేది బ్లైండ్లు ఇద్దరే. ఫ్లాప్ దగ్గర్నుంచి ఇంకా మేలు, ప్రతి రౌండ్‌లోనూ బటన్‌దే ఆఖరి మాట. అందరూ చేసింది చూసి, తీరిగ్గా మన సంగతి చూసుకోవచ్చు. దీన్నంతా కలిపి పొజిషన్ అంటారు.

మా అందరికన్నా ముందు ఇది పట్టుకున్నది అక్క. ఆసు, పది చేతిలో ఉంటే మేం ఎక్కడున్నా ఆడేసేవాళ్ళం. అక్క అండర్ ది గన్‌లో వాటిని పడేసేది, మూత తన ముందుంటే అవే ముక్కలతో రెయిజ్ చేసేది. "నీకు ముక్కలు బాగా పడుతున్నాయి" అని బావ ఏడుపు. అక్క ముక్కలు చూసేముందు ఒకసారి మూత వైపు చూస్తుందని నాకు ఆలస్యంగా అర్థమైంది. నేనూ అలా చూడటం మొదలుపెట్టాక ఆట మొత్తం మారిపోయింది. అంతవరకూ నేను ఆడింది నా రెండు ముక్కలతో, ఆ తర్వాత ఆడింది ఐదుగురు మనుషులతో. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అందరూ ముందు హ్యాండ్ల పట్టిక చూపిస్తారు. నాకు మాత్రం బటన్ చూపించాలనిపిస్తుంది.

ఒక్కోరోజు ఆట ముదిరి చివరికి నేనూ మావయ్యా మిగిలేవాళ్ళం. ఇద్దరే ఆడితే అది హెడ్స్-అప్. అక్కడ లెక్క కొంచెం తిరగబడుతుంది. బటనే స్మాల్ బ్లైండ్ వేయాలి, ఫ్లాప్‌కి ముందు తనే మొదట మాట్లాడాలి, ఫ్లాప్ తర్వాత ఆఖరున. ఈ నియమం తెలియక తగువులాడుకున్న పెద్దవాళ్ళని కూడా చూశాను.

ఆల్-ఇన్ అంటే తెలియనివాళ్ళుండరు, ఉన్నదంతా పెట్టేయడం. తిప్పలు వచ్చేది ముగ్గురి దగ్గర మూడు రకాలుగా చిప్స్ ఉన్నప్పుడు. తమ్ముడి దగ్గర 100, నా దగ్గర 300, బావ దగ్గర 500. ముగ్గురం ఆల్-ఇన్. వాడి 100కి సమానంగా మా ఇద్దరి దగ్గరా 100 చొప్పున తీస్తే 300 మెయిన్ పాట్, దానికి ముగ్గురూ పోటీదారులే. నా దగ్గర మిగిలిన 200, బావవి ఇంకో 200 కలిపి 400 సైడ్ పాట్, అది మా ఇద్దరి మధ్యే. బావ దగ్గర మిగిలిన 200కి పోటీయే లేదు కాబట్టి వెనక్కి వెళ్ళిపోతాయి. మావయ్య కుప్పలు విడదీసి చూపించేదాకా తమ్ముడు మొత్తం తనకే వస్తుందనుకుని చేతులు చాపి కూర్చున్నాడు.

బావకి సినిమా చూసొచ్చినట్టు పందెం వేయడం ఇష్టం. "నీ 20 కాల్..." అని చిప్స్ వేసి, మా మొహాలు చూసి, "ఇంకో 50 రెయిజ్" అనేవాడు. మావయ్య ఆ 50 వెనక్కి తోసేసేవాడు. ఇది స్ట్రింగ్ బెట్, చెల్లదు. కాల్ అన్నాక కాల్ అంతే. రెయిజ్ చేయాలంటే ఆ మాట ముందే అనాలి, లేదా మొత్తం ఒకేసారి ముందుకి తోయాలి. కొడుకని కూడా చూడడు అని బావ గొణుక్కునేవాడు.

బావ మీద ఇంకో మాట కూడా ఉంది. ఒకరోజు వాడికి రెండు ఆసులొచ్చాయి. మావయ్యకి రెండు రాజులు. ఫ్లాప్‌కి ముందే ఇద్దరూ అన్నీ పెట్టేశారు. ఇలాంటప్పుడు ఆసులు గెలిచేది 82 శాతం వరకూ. మిగిలిన 18లో పడ్డాడు వాడు, రివర్‌లో మూడో రాజు దిగింది. వాడు పేకముక్కలు విసిరికొట్టి, ఇంకోసారి చిప్స్ తీసుకుని, ఆ తర్వాత ఏ ముక్కలొచ్చినా రెయిజ్ చేస్తూ అవి కూడా పోగొట్టుకున్నాడు. మావయ్య వాణ్ణి చూసి, "రివర్‌లో జరిగింది బ్యాడ్ బీట్. దానికి నువ్వేం చెయ్యలేవు. ఆ తర్వాత నువ్వాడినదాన్ని టిల్ట్ అంటారు. అది మాత్రం నీదే" అన్నాడు. బావ ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఆఫీసులో ఎవరైనా కోపంలో మెయిల్స్ కొడుతుంటే వాడు టిల్ట్‌లో ఉన్నాడు అంటుంటాడు.

అవుట్స్ దగ్గరకి వచ్చేసరికి సెలవులు సగం అయిపోయాయి. మనకి పనికొచ్చే ముక్కలు కట్టలో ఎన్ని మిగిలాయో అవే అవుట్స్. ఫ్లాప్ అయ్యేసరికి ఒకే రంగువి నాలుగున్నాయనుకోండి. 13లో నాలుగు పోగా తొమ్మిది అవుట్స్. రెండు ముక్కలు రావాల్సి ఉంటే నాలుగుతో, ఒకటే రావాల్సి ఉంటే రెండుతో గుణించమన్నాడు మావయ్య. తొమ్మిది నాలుగులు 36, అసలు లెక్క 35 శాతం. చేతివేళ్ళ లెక్కకి అంత దగ్గర రావడం మాకు వింతగా ఉండేది. దాన్ని పాట్ ఆడ్స్‌తో కలపడం అక్క తప్ప ఎవరం సరిగ్గా చేయలేదనుకుంటా. పాట్‌లో 100 ఉంది, ఎదుటివాళ్ళు 50 వేశారు. నేను 50 వేస్తే మొత్తం 200, అందులో నా వాటా నాలుగోవంతు. అంటే గెలిచే అవకాశం 25 శాతం దాటితేనే ఆ కాల్ గిట్టుబాటు. టర్న్ కూడా అయిపోయి ఒక్క రివరే మిగిలితే ఫ్లష్‌కి 20 శాతం కూడా రాదు. తర్వాత ఇంకా పిండుకోవచ్చన్న ఆశ లేకపోతే పడేయడమే. తమ్ముడు ఎప్పుడూ పడేయలేదు. "వస్తుందని నాకనిపిస్తోంది" అనేవాడు. అప్పుడప్పుడూ వచ్చేది కూడా, అదే అక్కకి ఒళ్ళుమంట.

రాత్రి దీపాలార్పే ముందు మావయ్య కథలు చెప్పేవాడు. 1876 ఆగస్టు 2న అమెరికాలోని డెడ్‌వుడ్ ఊళ్ళో పోకర్ ఆడుతుండగా వైల్డ్ బిల్ హికాక్ అనే పేరుమోసిన తుపాకీవీరుణ్ణి వెనకనుంచి కాల్చేశారని, అప్పుడతని చేతిలో రెండు ఆసులు, రెండు ఎనిమిదులు ఉన్నాయని చెప్పుకుంటారని, అందుకే వాటికి డెడ్ మ్యాన్స్ హ్యాండ్ అని పేరొచ్చిందని. డోయల్ బ్రన్సన్ 1976లోనూ 1977లోనూ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచినప్పుడు రెండుసార్లూ ఆఖరి హ్యాండ్‌లో పది, రెండే ఉన్నాయని, రెండుసార్లూ ఫుల్ హౌస్ అయిందని. మర్నాడు పొద్దున్నే తమ్ముడు పది, రెండుతో రెయిజ్. అక్క నెత్తి కొట్టుకుంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో శాటిలైట్ అనే అర్హత పోటీ ద్వారా ఆ ప్రధాన పోటీలో చోటు సంపాదించి, 839 మందిలో మొదటివాడిగా నిలిచి 25 లక్షల డాలర్లు గెలిచినప్పుడు మావయ్య సంబరం చూడాలి, సొంత మనిషి గెలిచినట్టే. ఇంటిపేరే డబ్బు చేసేవాడని ఉంటే గెలవక ఏంచేస్తాడు అంది అత్తయ్య.

ఇప్పుడు అందరం తలోచోటా ఉన్నాం. నెలకోసారి ఫోన్లలోనే టేబుల్ పెట్టుకుంటాం, అత్తయ్య షరతు ఇంకా అమల్లోనే ఉంది. అక్క పిల్లలు కొత్త మాటలు తెచ్చారు. ఎదుటివాళ్ళ దగ్గర ఫలానా ముక్కలున్నాయని కాకుండా, ఉండే వీలున్న వాటన్నిటినీ కలిపి రేంజ్ అంటున్నారు. రెయిజ్ మీద రెయిజ్ చేస్తే త్రీ-బెట్ అంటున్నారు. రెండోసారి పెంచితే మూడెందుకయింది అని మావయ్య అడిగాడు. బిగ్ బ్లైండ్‌ని మొదటి బెట్‌గా లెక్కేస్తారు తాతయ్యా అని పెద్దది చెప్పింది. ఆయన కాసేపాలోచించి సరే అన్నాడు.

స్ట్రాడిల్‌కి మాత్రం ఒప్పుకోవడం లేదు. ముక్కలు చూడకముందే అండర్ ది గన్ మనిషి తనంతట తాను బిగ్ బ్లైండ్‌కి రెట్టింపు వేయడమన్నమాట. అలా వేస్తే ఫ్లాప్‌కి ముందు ఆఖరి మాట వాళ్ళది అవుతుంది. "బటన్ హక్కు కొనుక్కుంటామంటే ఎలా?" అంటాడు మావయ్య. పోయిన నెల ఓట్లు వేస్తే మూడు మూడు పడ్డాయి. అత్తయ్య వేలితో బల్ల తట్టింది. అది ఆలోచనో, చెక్కో, ఏ పక్క ఓటో ఇంకా తేలలేదు.